యంత్రానికి లొంగని పిండి

మీట నొక్కితే రొట్టె తయారయ్యే కాలంలోనూ రై పిండి తన మొండితనం వదులుకోలేదు. దాన్ని దారికి తెచ్చే కిటుకు తెలుగు వంటింట్లో ఎప్పటి నుంచో ఉంది.

నగరంలోని పెద్ద సూపర్ మార్కెట్‌లో విదేశీ సరుకుల అరలో రై పిండి ప్యాకెట్ కనిపిస్తే కొనేవాళ్ళకు ముందుగా వచ్చే అనుమానం ఒకటే. ఇది ఆవాల పిండా? హిందీలో రాయీ అంటే ఆవాలు మరి. రెండో అనుమానం, రాగి పిండికి ఇంగ్లీషు పేరేమోనని. రెండూ కావు. రై గోధుమకు దాయాది. గోధుమ పండని చలి నేలల్లో, ఇసుక నేలల్లో, ఆమ్ల గుణం ఎక్కువైన నేలల్లో పండే ధాన్యం. జర్మనీ, పోలండ్, రష్యా, ఫిన్లాండ్, డెన్మార్క్ దేశాల ప్రజలను శతాబ్దాల పాటు బతికించింది అదే. ఇప్పుడది భారతీయ నగరాల్లో ఆరోగ్యం మీద శ్రద్ధ పెరిగిన మధ్యతరగతి వంటిళ్ళలోకి వస్తోంది. దాంతోపాటే బ్రెడ్ మెషీన్ కూడా.

ఆ రెండూ కలిసిన చోటే చిక్కు మొదలవుతుంది. యంత్రంతో వచ్చిన పుస్తకంలో చెప్పినట్టు నీళ్ళు, ఉప్పు, ఈస్ట్ వేసి, మైదా బదులు రై పిండి పోసి మీట నొక్కితే నాలుగు గంటల తర్వాత బయటికొచ్చేది రొట్టె కాదు, ఇటుక. పైన గట్టి పెచ్చు, లోపల బంక, నడుమ గుంట. తప్పు యంత్రానిదీ కాదు, వండినవారిదీ కాదు. ఆ యంత్రం గోధుమ కోసం పుట్టింది.

దాని పుట్టుక కథ మేనేజ్‌మెంట్ విద్యార్థులకు బాగా తెలిసిందే. 1980ల మధ్యలో జపాన్‌లోని ఒసాకాలో మత్సుషితా ఎలక్ట్రిక్ కంపెనీ (2008 నుంచి దాని పేరు పానసోనిక్) ఇంట్లోనే రొట్టె చేసే యంత్రం కోసం కుస్తీ పడుతోంది. పైపెచ్చు మాడిపోతోంది, లోపల పచ్చిగా ఉండిపోతోంది. నిపుణుడు పిసికిన ముద్దను, యంత్రం పిసికిన ముద్దను ఎక్స్‌రే తీసి పోల్చి చూసినా అంతు చిక్కలేదు. చివరికి ఇకుకో తనాకా అనే సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని ఒక ఉపాయం చెప్పారు. ఊళ్ళో మంచి రొట్టెకు పేరున్న ఒసాకా ఇంటర్నేషనల్ హోటల్ ప్రధాన బేకర్ దగ్గర ఆమె శిష్యరికం చేశారు. ఆయన పిండిని కేవలం పిసకడం లేదని, ఒక ప్రత్యేకమైన తీరులో సాగదీస్తున్నారని గమనించారు. ఇంజనీర్లతో కలిసి ఏడాది పాటు తంటాలు పడ్డాక, గిన్నె లోపలి గోడకు ప్రత్యేకమైన పక్కటెముకలు అమర్చి ఆ మెలికను యంత్రానికి నేర్పారు. 1987లో మార్కెట్లోకి వచ్చిన ఆ యంత్రం మొదటి ఏడాదే కొత్త వంటింటి పరికరాల అమ్మకాల్లో రికార్డు సృష్టించింది. మనిషి చేతిలోని నేర్పు యంత్రంలోకి ఎలా ప్రవహిస్తుందో చెప్పడానికి ఇకుజిరో నొనాకా 1991లో హార్వర్డ్ బిజినెస్ రివ్యూలో ఈ ఉదంతాన్నే ఎంచుకున్నారు. అప్పటి నుంచి ఇది తరగతి గదుల్లో పురాణ కథ స్థాయికి చేరింది.

దానికి ఎదురు వాదన రావడానికి పదహారేళ్ళు పట్టింది. రోడ్రిగో రిబీరో, హ్యారీ కాలిన్స్ అనే ఇద్దరు పరిశోధకులు 2007లో ఆర్గనైజేషన్ స్టడీస్ పత్రికలో ఈ కథను తిరగేసి చూశారు. బేకర్ నేర్పును యంత్రం మింగేయలేదని, అది చేయలేని పనులను చుట్టూ ఉన్న మనుషులు తమకు తెలియకుండానే పూరిస్తున్నారని, అందుకే అది బేకర్‌లా పనిచేస్తున్నట్టు కనిపిస్తోందని వాళ్ళ సారాంశం. ఏ పిండి కొనాలి, ఎంత నీరు పోయాలి, ముద్ద పలచబడితే ఏం చేయాలి, ఇవన్నీ మనిషి చూసుకుంటేనే యంత్రం తన వంతు చేస్తుంది. గోధుమ పిండితో ఆ సంగతి బయటపడదు. రైతో మొదటి రోజే బయటపడుతుంది.

కారణం పిండిలోనే ఉంది. గోధుమ పిండిని నీళ్ళతో పిసికితే అందులోని ప్రోటీన్లు గ్లూటెన్ అనే సాగే వలగా అల్లుకుంటాయి. ఈస్ట్ వదిలే వాయువు ఆ వలలో చిక్కి ముద్ద బెలూన్‌లా పొంగుతుంది. నడుమ ఒకసారి అణిచేసినా వల తెగదు, మళ్ళీ పొంగుతుంది. బ్రెడ్ మెషీన్ కార్యక్రమం మొత్తం ఈ లెక్క మీదే నడుస్తుంది. కలపడం, చాలాసేపు పిసకడం, పొంగనివ్వడం, అణచడం, మళ్ళీ పొంగనివ్వడం, కాల్చడం. రైలో ఆ వల దాదాపు లేదు. దాని ప్రోటీన్లు గోధుమ ప్రోటీన్లలా అల్లుకోవు. ఆ లోటును పూడ్చేది పెంటోజాన్లు అనే జిగురు పదార్థం. అది తన బరువుకు ఎన్నో రెట్లు నీటిని పట్టి ఉంచుతుంది. వాయువును నిలిపేది ఆ జిగురే. దాన్ని అతిగా పిసికితే బంక అవుతుంది. ఒకసారి పొంగాక అణిచేస్తే మళ్ళీ లేవదు. అంటే గోధుమకు మేలు చేసే రెండు పనులూ రైకి కీడే.

మరో చిక్కు కాల్చేటప్పుడు వస్తుంది. పిండి పదార్థాన్ని చక్కెరలుగా విరిచే ఎంజైములు రైలో చురుగ్గా ఉంటాయి. పొయ్యి వేడికి పిండి ఉడికి గట్టిపడాల్సిన సమయంలోనే అవి విజృంభించి దాన్ని తినేస్తాయి. ఫలితంగా లోపల జావ. దీనికి ఉత్తర ఐరోపా గృహిణులు రసాయన శాస్త్రం పుట్టకముందే మందు కనిపెట్టారు. పిండిని పులియబెట్టడం. పులుపు ఎక్కితే ఆ ఎంజైముల జోరు తగ్గుతుంది. రై రొట్టెలోని పులుపు రుచి కోసం వేసిన తాళింపు కాదు, రొట్టె నిలబడటానికి పెట్టిన గుంజ.

ఇక్కడే తెలుగు పాఠకురాలికి ఏదో పాత పరిచయం తగలాలి. ఇడ్లీ పిండిలోనూ గ్లూటెన్ లేదు. అయినా పొంగుతుంది. మినప్పప్పులోని జిగురు, ప్రోటీన్లు కలిసి వాయువును పట్టి ఉంచుతాయి. పొంగించేది గాలిలో, పప్పులో, బియ్యంలో సహజంగా ఉండే లాక్టిక్ బ్యాక్టీరియా. పొంగిన పిండిని గరిటెతో గిలక్కొట్టి కూచుంటే ఇడ్లీ రాయి అవుతుందని చెప్పడానికి ఏ ఇంట్లోనూ పాఠ్యపుస్తకం అక్కర్లేదు. చలికాలంలో పిండి గిన్నెను దుప్పటి చుట్టి పెట్టాలని, వేసవిలో రాత్రి ఆలస్యంగా రుబ్బాలని తెలిసినవారికి రై పులుపు ముద్ద కొత్తేమీ కాదు. గోధుమ రొట్టెలో ఆరితేరిన బేకర్ కంటే రోజూ ఇడ్లీ పిండితో బేరమాడే తెలుగు అత్తగారే రై స్వభావాన్ని త్వరగా పట్టుకోగలదు.

చుట్టరికం అక్కడితో ఆగదు. జొన్న రొట్టె చేసేవాళ్ళు మరిగే నీళ్ళు పోసి పిండి కలుపుతారు. చన్నీళ్ళతో కలిపితే రొట్టె అంచులు చీలిపోతాయి. వేడికి కొంత పిండి ఉడికి జిగురై మిగతాదాన్ని పట్టి ఉంచుతుంది. రష్యాలో బొరోదిన్‌స్కీ అనే నల్ల రై రొట్టె చేసేటప్పుడు కూడా పిండిలో కొంత భాగాన్ని మాల్ట్‌తో కలిపి మరిగే నీళ్ళతో తడిపి ఉంచుతారు. ఒకరినొకరు ఎన్నడూ చూడని రెండు వంటిళ్ళు గ్లూటెన్ లేని లోటుకు ఒకే రకంగా జవాబు చెప్పుకున్నాయి.

మరి ఇంట్లో యంత్రం ఉన్నవారు ఏం చేయాలి? రెండు దారులున్నాయి. మొదటిది రాజీ మార్గం. మొత్తం 500 గ్రాముల పిండిలో రై 150 గ్రాములకు మించకుండా చూసుకోవడం. మిగిలిన 350 గ్రాములు మంచి మైదా లేదా బేకర్లు వాడే బ్రెడ్ పిండి. నీరు సుమారు 330 మిల్లీలీటర్లు, ఉప్పు ఒకటిన్నర టీ స్పూన్లు, ఇన్‌స్టంట్ ఈస్ట్ ఒక టీ స్పూన్, బెల్లం పొడి ఒక టేబుల్ స్పూన్, నూనె ఒక టేబుల్ స్పూన్. ఇష్టమైతే కారవే గింజలు ఒక స్పూన్. దొరక్కపోతే దాని దగ్గరి చుట్టం, బిర్యానీలో వేసే షాజీరా ఉండనే ఉంది. ఉప్పు, ఈస్ట్ ఒకదానికొకటి తగలకుండా వేయాలి. ఈ పాళ్ళలో గోధుమ వల మొత్తం బరువు మోస్తుంది కాబట్టి యంత్రం మామూలు కార్యక్రమమే సరిపోతుంది. మొదటి పది నిమిషాల్లో ఒకసారి మూత తీసి చూడటం మంచిది. ముద్ద గిన్నె గోడను వదలకపోతే ఒక చెంచా పిండి, పొడిగా ఉంటే ఒక చెంచా నీరు. ఆ చూపే రిబీరో, కాలిన్స్ చెప్పిన మనిషి వాటా.

రెండోది అసలు మార్గం. రై పాలు సగానికి మించితే పులుపు ముద్ద తప్పదు. కొద్దిగా రై పిండి, అంతే బరువు నీరు కలిపి, రోజూ కొంత తీసేసి అంతే కొత్త పిండి, నీరు చేరుస్తూ పోతే చల్లని దేశాల్లో వారం పట్టే పులుపు తెలుగు నేల వేడికి ఇంకా ముందే తయారవుతుంది. బుడగలు లేచి, కమ్మని పుల్లటి వాసన వస్తే సిద్ధమైనట్టే. రొట్టె చేయాల్సిన ముందు రాత్రి 200 గ్రాముల రై పిండిలో 200 మిల్లీలీటర్ల నీరు, ఒక స్పూన్ పులుపు ముద్ద కలిపి ఉంచాలి. పొద్దున దానికి మరో 100 గ్రాముల రై పిండి, 200 గ్రాముల మైదా, 160 మిల్లీలీటర్ల నీరు, ఒకటిన్నర స్పూన్ల ఉప్పు, అర స్పూన్ ఈస్ట్ చేర్చి యంత్రంలో పిండి కలిపే కార్యక్రమం పెట్టాలి. పదినిమిషాలు కాగానే ఆపేయాలి. తడి చేత్తో కలిపే రెక్కను బయటకు తీసి, పైభాగం నునుపు చేసి, మూత వేసి వదిలేయాలి. ముద్ద ఒకటిన్నర రెట్లు అయి, పైన చిన్న చిన్న రంధ్రాలు కనిపించగానే కాల్చే కార్యక్రమం ఒక్కటే గంట సేపు నడపాలి. ఆ సదుపాయం విడిగా లేని యంత్రం రై రొట్టెకు పనికిరాదు. కొనేముందే అడిగి తెలుసుకోవాలి.

అన్నిటికన్నా కష్టమైన పని ఆ తర్వాత ఉంది. ఆగడం. రై రొట్టెను వేడివేడిగా కోస్తే కత్తికి బంక అంటుకుంటుంది. కనీసం పన్నెండు గంటలు, వీలైతే ఒక రోజు గుడ్డలో చుట్టి ఉంచాలి. లోపలి తేమ సర్దుకున్నాక పలచని ముక్కలుగా కోయాలి. గోధుమ బ్రెడ్ మర్నాటికే ఎండిపోతే, పుల్లటి రై రొట్టె చల్లని చోట వారం దాకా నిలుస్తుంది. పశ్చిమ ఫిన్లాండ్ పల్లెల్లో ఏడాదికి రెండుసార్లే రొట్టెలు కాల్చి, నడుమ చిల్లు పెట్టి, దూలాలకు కట్టిన కర్రలకు గుచ్చి ఎండబెట్టేవారు. అప్పడాలు, వడియాలు డబ్బాల్లో దాచే సమాజానికి ఆ ముందుచూపు అర్థం కాకపోదు.

స్థానిక ఇబ్బందులు వేరే. నలభై డిగ్రీల వేసవిలో కుళాయి నీళ్ళే గోరువెచ్చగా వస్తాయి. వాటితో పిండి కలిపితే ముద్ద అదుపు తప్పి పొంగి కూలిపోతుంది. ఫ్రిజ్ నీరు వాడటమే మార్గం. రాత్రి టైమర్ పెట్టి పడుకునేవాళ్ళు పాలు, గుడ్లు జోలికి పోకూడదు, విరిగిపోతాయి. ఇక కరెంటు. కొన్ని మోడళ్ళు కొద్ది నిమిషాల కోతను తట్టుకుని ఆగిన చోటి నుంచే మొదలుపెడతాయి. ఆ గడువు దాటితే యంత్రం అంతా మరిచిపోతుంది. అప్పుడు ముద్దను తీసి పెనం మీద మందపాటి రొట్టెలుగా కాల్చుకోవడమే ఉత్తమం.

ఇంత అవస్థ ఎందుకని అడిగేవారికి 2016 గుర్తు చేయాలి. ఆ ఏడాది మే నెలలో ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ బ్రెడ్, బన్నులు, పిజ్జా బ్రెడ్ వంటి 38 నమూనాలను పరీక్షించి, 84 శాతం వాటిలో పొటాషియం బ్రోమేట్ లేదా అయోడేట్ అవశేషాలు ఉన్నట్టు వెల్లడించింది. బ్రోమేట్ పిండిని తెల్లగా, ముద్దను బలంగా చేస్తుంది. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ దాన్ని మనుషుల్లో క్యాన్సర్ కలిగించే అవకాశం ఉన్న పదార్థాల జాబితాలో 1999లోనే ఉంచింది. నివేదిక వచ్చిన నెల రోజులకే ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ బ్రోమేట్‌ను అనుమతించిన పదార్థాల జాబితా నుంచి తొలగించింది. నిషేధం మంచిదే. కానీ రోజూ పొద్దున పిల్లల టిఫిన్ డబ్బాలో పెట్టే వస్తువులో ఏముందో అన్నేళ్ళు ఎవరికీ పట్టలేదన్న నిజం అంతకంటే పెద్దది.

జర్మనీలో పరిస్థితి వేరు. అక్కడ రొట్టెకు రై రొట్టె అని పేరు పెట్టాలంటే పిండిలో కనీసం 90 శాతం రై ఉండాలి. సగానికి పైగా ఉంటే రై మిశ్రమ రొట్టె. పేరే హామీ. 2014లో ఆ దేశం తన రొట్టె సంస్కృతిని జాతీయ సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. ఫిన్లాండ్ స్వాతంత్ర్య శతాబ్ది ఏడాది 2017లో ప్రజలు ఓటు వేసి మరీ రై రొట్టెను జాతీయ ఆహారంగా ఎన్నుకున్నారు. భారతీయ దుకాణంలో మాత్రం గోధుమ రంగున్న ప్రతిదీ ఆరోగ్యమే. ఆ రంగు కారమెల్‌ది కూడా కావచ్చు. ప్యాకెట్ వెనక పదార్థాల పట్టికను బరువు తగ్గే క్రమంలో రాయాలన్నది నిబంధన. మొదటి పేరు మైదా అయితే ముందువైపు ఏ ధాన్యం బొమ్మ ఉన్నా అది మైదా బ్రెడ్డే. ఇంటి యంత్రం ఇచ్చే అసలు లాభం ఇదే. ఏం పడిందో వేసినవారికి తెలుసు.

అలాగని రైని సంజీవని చేయడమూ తప్పే. పీచు దండిగా ఉంటుంది, కడుపు నిండుగా ఉంచుతుంది, మలబద్ధకానికి మేలు చేస్తుంది. అంతవరకు నిజం. కానీ గ్లూటెన్ వల తక్కువన్న మాట విని సీలియాక్ వ్యాధి ఉన్నవారు దీన్ని తింటే ప్రమాదం. రైలోని ప్రోటీన్లు వారి పేగులకు గోధుమంత హానీ చేస్తాయి. వారికి జొన్న, రాగి, సజ్జలే దిక్కు.

రై పూర్తిగా పరాయిదని కూడా అనలేం. 1990ల మధ్యలో విడుదలై దశాబ్దానికి పైగా వాయవ్య భారత పొలాలను ఏలిన పీబీడబ్ల్యూ 343 గోధుమ వంగడంలో ఒక క్రోమోజోము ముక్క రైది. తెగుళ్ళను తట్టుకోవడానికి శాస్త్రవేత్తలు చేసిన సంకరంలో భాగంగా అది గోధుమలోకి చేరింది. పంజాబ్ గోధుమతో చపాతీ చేసుకున్న ఎన్నో భారతీయ ఇళ్ళు పేరు తెలియకుండానే రై వారసత్వాన్ని రుచి చూసి ఉంటాయి.

అసలు రై చరిత్రే అవమానాల చరిత్ర. గోధుమ చేలలో కలుపు మొక్కగా మొదలై, గోధుమ చచ్చిన చోట తాను బతికి పంటగా నిలిచిందని రష్యన్ శాస్త్రవేత్త నికొలాయ్ వావిలోవ్ తేల్చాడు. రోమన్ రచయిత ప్లీనీ దాన్ని ఆకలి చావు తప్పించుకోవడానికి తప్ప పనికిరాని తిండిగా తీసిపారేశాడు. తెల్ల రొట్టె దొరలది, నల్ల రొట్టె కూలీలది అన్న తేడా ఐరోపాలో శతాబ్దాలు సాగింది. అదే నల్ల రొట్టె 1941 చలికాలంలో దిగ్బంధంలో చిక్కిన లెనిన్‌గ్రాడ్‌లో ప్రాణానికి కొలత అయింది. నవంబరు 20 నుంచి డిసెంబరు 25 దాకా పిల్లలకు, ఇంట్లో ఉండేవారికి దక్కింది రోజుకు 125 గ్రాములు. అదీ రై పిండికి సెల్యులోజ్ వంటివి కలిపినది. ఆ నగరంలోనే వావిలోవ్ నెలకొల్పిన విత్తన భాండాగారం సిబ్బందిలో కొందరు పక్కన ధాన్యం బస్తాలు ఉన్నా ముట్టకుండా ఆకలితో ప్రాణాలు వదిలారు.

తెలుగు నేలలో ఈ కథకు సరితూగేది జొన్నది. తెలంగాణ, రాయలసీమల్లో జొన్న రొట్టె, సంకటి నిన్నమొన్నటి దాకా పేదవాడి తిండి, వరి అన్నం హోదా. 1983లో ఎన్టీ రామారావు ప్రభుత్వం రెండు రూపాయలకు కిలో బియ్యం ఇచ్చాక ఆ హోదా ప్రతి గుడిసెకూ అందింది. ఆకలి తీర్చిన ఆ పథకాన్ని తప్పుపట్టలేం. కానీ రేషన్ షాపులో చోటు దొరకని జొన్న పొలంలోనూ చోటు కోల్పోయింది. జహీరాబాద్ ప్రాంతంలో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు జొన్నలతో సొంత రేషన్ నడిపి మరో దారి ఉందని చూపాయి. 2013 ఆహార భద్రతా చట్టం ముతక ధాన్యాలను రూపాయికి కిలో జాబితాలో చేర్చింది. భారత్ ప్రతిపాదన మీద ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది. వేడుకలు ముగిశాక కూడా జొన్న రొట్టె తట్టే చేతులు తగ్గుతూనే ఉన్నాయి.

ఐరోపా రైని నిలబెట్టుకుంది కేవలం ఉత్సవాలతో కాదు. పేరుకు చట్టపు కాపలా, బేకర్లకు శిక్షణ, రోజూ బల్ల మీద ఒక ముక్క. ఇవన్నీ ఉన్నాకే యంత్రం వచ్చింది. జొన్నకు యంత్రాలు వస్తున్నాయి, పొట్లాలు వస్తున్నాయి, ప్రచారం వస్తోంది. మిగతావి రావాలి.

ఈలోగా విదేశీ పిండి కొన్నవారు ఒక ప్రయోగం చేయవచ్చు. పై రాజీ రొట్టెలో 150 గ్రాముల రైకి బదులు 50 గ్రాముల జొన్న పిండిని మరిగే నీళ్ళతో తడిపి, చల్లార్చి, 450 గ్రాముల మైదాతో కలపాలి. తడపడానికి పోసిన నీటిని 330లోంచి తగ్గించుకోవాలి. యంత్రానికి ఆ తేడా తెలియదు. తెలుసుకోవాల్సింది మూత తీసి చూసే మనిషే.